రిపోర్టు చదవడం వచ్చినదాన్ని

2023 మార్చి రెండో వారంలో ఒక సాయంత్రం నా ఫోనుకి ఆరు పేజీల రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. మహిళా దినోత్సవం పేరుతో ఒక ప్రైవేటు ల్యాబు వాళ్ళు హనుమకొండలో మేముండే కాలనీలోనే శిబిరం పెట్టారు. రెండున్నర వేలకు అరవై పైచిలుకు పరీక్షలు. గులాబీరంగు కరపత్రం పంచారు. పోరాటాల రోజుగా మొదలైన మార్చి ఎనిమిది చీరల తగ్గింపు ధరల రోజుగా ఎలా మారిందో ఒక సెమినార్‌లో పేపరు చదివినదాన్ని నేను. అయినా పక్కింటావిడ పిలిస్తే వెళ్ళి చెయ్యి చాచాను. ఎలాగూ షుగర్ చూపించుకోవాలనుకుంటున్నాను కదా, దాంతోపాటు మిగతావీ అయిపోతాయనుకున్నాను.

ఐదో పేజీలో ట్యూమర్ మార్కర్లని ఒక శీర్షిక. దాని కింద సి.ఏ. 19-9 అని రాసి, ఎదురుగా 58.4 అని లావుపాటి అక్షరాల్లో ఉంది. ఉండాల్సింది 37 లోపు. ఆ నెలకి నాకు సరిగ్గా ముప్పై ఏడేళ్ళు.

మామూలుగా అయితే ఆ పేరు నాలాంటి సాహిత్యం మనిషికి తెలియనవసరం లేదు. కానీ నాకు తెలుసు. నాలుగున్నరేళ్ళ కింద మా పెద్దమ్మ రిపోర్టులో అదే పేరు చూశాను. చూడడమే కాదు, ఆమెకి చదివి వినిపించింది నేనే. అందులో తప్పుపట్టే అంకె ఏదీ లేదు. పెద్దమ్మ క్లోమం క్యాన్సర్‌తో చనిపోయింది.

ఒకే పరీక్ష. ఆమెకి తక్కువ వచ్చింది, నాకు ఎక్కువ వచ్చింది. రెండుసార్లూ నేనే చదివాను. రెండుసార్లూ తప్పే చదివాను. చదవడమే వృత్తిగా బతుకుతున్న మనిషిగా దీన్ని ఒకసారి తరచి చూసుకోవాలనిపించింది.

*

పెద్దమ్మ కొత్తవాడలో ఉండేది. కొత్తవాడంటే వరంగల్‌లో జంపఖానాలు నేసే పేట. వరంగల్ దర్రీలకి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నేను చూసిన ఫొటోలన్నింటిలో మగ్గం ముందు కూచున్నది మగవాళ్ళే. పెద్దమ్మ నలభై ఏళ్ళు కండెలు చుట్టింది. ఆ పనికి ఫొటో లేదు, విడిగా కూలీ లేదు. ఇంటిపని కిందే జమ.

అదే ఏడు ఎండాకాలంలో ఆమెకి కడుపు పైభాగంలో నొప్పి మొదలైంది. వీపులోకి పాకేది. రాత్రుళ్ళు లేచి కూచుని ముందుకు వంగితే కాస్త తగ్గేదట. బతుకంతా వంగి పనిచేసిన మనిషికి, వంగితే తగ్గే నొప్పి పెద్ద నొప్పిగా అనిపించలేదు. మేమందరం గ్యాస్ అన్నాం. ఆ ఏడే షుగర్ బయటపడింది. ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గింది. "షుగరొస్తే చిక్కిపోరా మరి" అన్నాం.

ఆగస్టులో ఒక డాక్టరు ఆమె చెప్పింది పూర్తిగా విని కొన్ని పరీక్షలు రాశాడు. కడుపు స్కానింగు, రక్తపరీక్షలు, వాటిల్లో ఈ సి.ఏ. 19-9. అన్నీ వచ్చాక తెచ్చి చూపించమన్నాడు. రిపోర్టులు తెచ్చింది మా అన్నయ్య, విప్పింది నేను. అప్పటికి నా పిహెచ్.డి. పూర్తయి రెండేళ్ళు. మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా, కరెంటు ఆఫీసు నోటీసైనా బ్యాంకు ఉత్తరమైనా, నా చేతికే ఇస్తారు.

సి.ఏ. 19-9 ఎదురుగా '2 కంటే తక్కువ' అని ఉంది. ఉండాల్సింది 37 లోపు. స్కానింగు రిపోర్టులో కాలేయం బాగుంది, పిత్తాశయం బాగుంది, మూత్రపిండాలు బాగున్నాయి. మధ్యలో ఒక వాక్యం: పేగుల్లో గాలి అడ్డం రావడం వల్ల క్లోమం కనిపించలేదు. ఆ వాక్యం నేను చదివాను. క్లోమం బాగుందనే వాక్యానికీ, క్లోమం కనిపించలేదనే వాక్యానికీ ఉన్న తేడా నాకు తెలియదని ఎవరంటారు? కవి ఏం చెప్పాడో కాదు, ఏం చెప్పకుండా వదిలేశాడో చూడమని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం వదిలేసిన చోట ఆగలేదు.

"ఏమొచ్చిందే బిడ్డా?" అనడిగింది పెద్దమ్మ.

"ఏం లేదు పెద్దమ్మా, అంత మంచిగనే ఉన్నది. క్యాన్సర్ పరీక్షల గూడ ఏం రాలె."

"నువ్వు సదివినవ్ గద. ఇగ నాకు భయం లేదు."

రిపోర్టు బాగున్నాక మళ్ళీ డాక్టరుకి చూపించడమెందుకని ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళమని నేనూ అనలేదు.

దసరా వెళ్ళాక ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. మా దిక్కు కామెర్లని పసిరికలంటారు. పసిరికలకి ముందు పసరు, తర్వాత దవాఖాన. ఊరికి తీసుకెళ్ళి పసరు పోయించారు, చేతి మీద కాల్పించారు. ఒళ్ళంతా దురద, మూత్రం చిక్కటి పసుపు. మూడు వారాలు అట్లాగే గడిచాక హైదరాబాదు తీసుకెళ్తే సీటీ స్కాన్‌లో కనిపించింది. క్లోమం తలభాగంలో గడ్డ. అది పైత్యరసం వచ్చే గొట్టాన్ని నొక్కేస్తే కామెర్లు వచ్చాయి. అప్పటికే కాలేయానికి పాకింది. ఆపరేషన్ దశ దాటిందన్నారు. గొట్టంలో స్టెంటు వేస్తే పసుపు తగ్గింది, దురద తగ్గింది. 2019 ఫిబ్రవరిలో పోయింది. అరవై రెండేళ్ళు.

ఆగస్టు రిపోర్టు గురించి ఎవరూ నన్నడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

*

అందుకే 58.4 చూసిన క్షణంలో నాకు కలిగింది ఉత్త భయం కాదు. ఇప్పుడు నాకు అర్థమవుతోంది గానీ, అందులో ఒక రకమైన లెక్క సరిపోయిందన్న భావన ఉంది. శిక్ష పడిందన్నట్టు.

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. నా భర్తకీ చెప్పలేదు. క్లాసులు చెప్పాను, జవాబు పత్రాలు దిద్దాను. రాత్రి అందరూ పడుకున్నాక ఆ ఐదో పేజీ తెరిచేదాన్ని. కడుపు మీద చెయ్యి వేసి ఎక్కడ నొక్కితే నొప్పి వస్తుందో వెతికేదాన్ని. వెతికితే దొరకని నొప్పి ఉంటుందా? నాలుగోరోజుకి వీపులో కూడా మొదలైంది. రెండు కిలోలు తగ్గాను. తిండి మానేస్తే తగ్గుతారని తట్టలేదు.

క్లోమం అనే మాట మీద కూడా కొంత సమయం పోగొట్టాను. అది మాకున్న రోగం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో క్లోమమంటే జీర్ణాశయం వెనక అడ్డంగా ఉండే గ్రంథి. అదే మాట హిందీ పుస్తకాల్లో చేప మొప్పలకి వాడతారు. ఈ గ్రంథిని వాళ్ళు అగ్న్యాశయమంటారు. చరక సంహితలో నీటిని మోసే స్రోతస్సులకి అంగిలి, క్లోమం మూలస్థానాలని ఉంది. దప్పికకీ దానికీ ముడిపెట్టారు. అయితే ఆ క్లోమం ఈ గ్రంథేనా, ఊపిరితిత్తా, శ్వాసనాళమా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. శరీరంలో ఎక్కడుందో తేలని పేరు ఇది. పెద్దమ్మకి గుండె ఎక్కడుందో తెలుసు, గర్భసంచి ఎక్కడుందో తెలుసు. ఈ అవయవం తనలో ఒకటుందని ఆమెకి తెలిసింది అది పాడయ్యాకే. నిజానికి నాకూ అంతే.

*

పన్నెండో రోజున ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఉదర వ్యాధుల నిపుణురాలు. నేను కాగితం చేతికిచ్చి, పెద్దమ్మ సంగతి గబగబా చెప్పేశాను. ఆమె అంకె చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ పరీక్ష ఎవరు రాశారు?"

"ఎవరూ రాయలేదు. ప్యాకేజీలో ఉంది."

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ఇరవై నిమిషాలు మాట్లాడింది. ఆమె చెప్పింది, ఆ తర్వాత నేను చదివి రూఢి చేసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

సి.ఏ.లో సి అంటే క్యాన్సరే అనుకున్నాను నేను. అది కార్బోహైడ్రేట్ యాంటిజెన్ అన్న మాటకి పొడి అక్షరాలు. అంటే ఒక చక్కెర అణువుల గొలుసు. 1979లో ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో హిలరీ కొప్రోవ్‌స్కీ బృందం క్యాన్సర్ కణాలని ఎలుకలకి ఎక్కించి, వాటికి ప్రతిగా పుట్టిన ప్రతిరక్షకాలని వేరుచేసింది. వాటిలో ఒకదానికి ప్రయోగశాలలో పెట్టిన నెంబరు 19-9. ఆ ప్రతిరక్షకం పట్టుకునే చక్కెర గొలుసుకి అదే పేరు నిలిచింది. వాళ్ళు వాడింది క్లోమం క్యాన్సర్ కణాలు కూడా కాదు, పెద్దపేగు క్యాన్సర్ కణాలు.

ఈ పదార్థం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ ఒంట్లోనూ తయారవుతుంది. క్లోమంలో, పైత్యనాళాల్లో, జీర్ణాశయంలో, గర్భాశయం లోపొరలో. పిత్తాశయంలోని రాయి గొట్టానికి అడ్డం పడినా, కామెర్లొచ్చినా, క్లోమం వాచినా, కాలేయం దెబ్బతిన్నా, షుగర్ అదుపులో లేకపోయినా, కొన్ని అండాశయపు తిత్తుల్లోనూ పెరగొచ్చు. కామెర్లున్నప్పుడైతే వందలూ వేలూ దాటి, అడ్డు తీసేశాక మామూలుకి వచ్చేస్తుంది. అందుకే కామెర్లు తగ్గాకే ఆ అంకెని లెక్కలోకి తీసుకుంటారు. ఒక ల్యాబు అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చడం కూడా కుదరదు, పద్ధతులు వేరు కాబట్టి.

మరి దేనికి పనికొస్తుంది? క్లోమం క్యాన్సరని తేలిపోయినవాళ్ళలో, ఆపరేషన్ తర్వాతో మందులు మొదలుపెట్టాకో, రోగం తగ్గుతోందా తిరగబెడుతోందా అని చూసుకోవడానికి. అంటే ఒక్క అంకె చెప్పేది తక్కువ. ఒకే మనిషిలో, ఒకే ల్యాబులో, నెలల తరబడి తీసిన అంకెల వరస చెప్పేది ఎక్కువ. రోగలక్షణాలున్నప్పుడు స్కాన్‌లతో కలిపి చూస్తే కూడా ఎంతో కొంత సాయపడుతుంది. ఏ లక్షణమూ లేని మనిషిలో క్యాన్సర్‌ని వెతకడానికి మాత్రం కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే ఒక లెక్క చూడాలి. దక్షిణ కొరియాలో ఏ లక్షణాలూ లేని 70,940 మందికి ఈ పరీక్ష చేసి 2004లో ఫలితాలు ప్రచురించారు. 37 దాటినవాళ్ళు 1,063 మంది. వాళ్ళలో క్లోమం క్యాన్సరున్నవాళ్ళు నలుగురు. మిగతా వెయ్యిమందికి పైగా నాలాంటి రాత్రులు గడిపుంటారు. పరీక్ష చెడ్డదై కాదు, వెతుకుతున్న రోగం అంత అరుదైనదై. మన దేశంలో క్లోమం క్యాన్సర్ ఇంకా అరుదు. గుప్పెడు వడ్లలో ఒక్క రాయి ఉన్నప్పుడు జల్లెడకి చిక్కేవి చాలావరకు వడ్లే అవుతాయి. అమెరికా నివారణ సేవల కార్యదళం లక్షణాలు లేనివాళ్ళకి క్లోమం క్యాన్సర్ కోసం ముందస్తు పరీక్షలు చెయ్యొద్దని 2019లో మరోసారి చెప్పింది కూడా ఇందుకే.

ఈ మాటలు వింటుంటే నాకు ఎమ్మే రోజుల్లో చదువుకున్న తర్కసంగ్రహం గుర్తొచ్చింది. మన తెలుగువాడే అన్నంభట్టు రాసింది. పొగని చూసి కొండ మీద నిప్పుందని ఊహించడం అందరికీ తెలిసిన ఉదాహరణే. తార్కికులు అక్కడితో ఆగలేదు. పొద్దున్నే చెరువు మీద లేచే మంచుని చూసి పొగనుకుంటే అక్కడ నిప్పుండదు. ఎర్రగా కాల్చిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగ రాదు. పరీక్షలో ఈ రెండిటికీ నేను మార్కులు తెచ్చుకున్నాను. నా రిపోర్టు చెరువు మీది మంచు కావచ్చు. పెద్దమ్మది ఇనప గుండు.

"మరి మా పెద్దమ్మకి రెండు కంటే తక్కువెందుకొచ్చింది?" అనడిగాను. నాలుగున్నరేళ్ళలో ఆ ప్రశ్న బయటికి అనడం అదే మొదటిసారి.

*

దానికి జవాబు రక్తం గ్రూపుల్లో ఉంది. ఏ, బీ, ఓ గ్రూపులు కాకుండా రక్తానికి ఇంకా చాలా గ్రూపులున్నాయి. వాటిలో ఒకటి లూయిస్ గ్రూపు. సి.ఏ. 19-9 అనే చక్కెర గొలుసు లూయిస్ గ్రూపు గొలుసుకి కొనసాగింపు. లూయిస్ గొలుసు కట్టే ఎంజైము పుట్టుకతోనే లేనివాళ్ళు సి.ఏ. 19-9 తయారుచెయ్యలేరు. నూటికి ఐదు నుంచి పదిమంది దాకా ఇలాంటివాళ్ళుంటారని పాశ్చాత్య దేశాల లెక్కలు చెప్తున్నాయి. వాళ్ళకి క్యాన్సరొచ్చినా ఈ అంకె దాదాపు సున్నా దగ్గరే ఉండిపోవచ్చు. అంకె మరీ తక్కువగా ఉంటే ఆ అనుమానం రావాలి. పెద్దమ్మ గ్రూపు ఎవరూ చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేమనీ, ఆ పరీక్ష ఆమె విషయంలో మొదటినుంచీ మూగదే కావచ్చనీ అంది డాక్టరమ్మ. మూగదాని మౌనాన్ని నేను అభయంగా అనువాదం చేశాను.

లూయిస్ అన్న పేరు ఎవరిదని వెతికాను. ఏ శాస్త్రవేత్తదో అనుకున్నాను. కాదు. 1946లో ఇంగ్లండులో ఆర్థర్ మూరాంట్ అనే పరిశోధకుడు శ్రీమతి లూయిస్ అనే ఆవిడ రక్తంలో ఒక ప్రతిరక్షకాన్ని కనుక్కున్నాడు. ఆమె ఇంటిపేరే గ్రూపు పేరయింది. అదే 1946లో ఇంకో గ్రూపుకి కెల్ అని పేరు పెట్టారు. అది శ్రీమతి కెలెహర్ పేరులో మొదటి ముక్క. బిడ్డ రక్తం మీద దాడిచేసే ప్రతిరక్షకాలు ఆమె ఒంట్లో ఉన్నాయి. కడుపులో బిడ్డల్ని మోసిన ఆడవాళ్ళ రక్తం నుంచే ఈ శాస్త్రంలో చాలాభాగం పుట్టింది. శాస్త్రం ఆ ఆడవాళ్ళని ఇంటిపేర్లతోనే గుర్తుపెట్టుకుంది. అవి కూడా భర్తలవి. రోజూ ఎన్నో ల్యాబుల్లో 19-9 అంకె కడుతున్నారు. దాని వెనకున్న గొలుసుకి ఒక రోగి పేరుందని ఎందరికి తెలుసు?

ఆగస్టులోనే కనిపెట్టుంటే పెద్దమ్మ బతికేదా అని కూడా అడిగాను. చెప్పలేమంది. క్లోమం క్యాన్సర్ బయటపడే నాటికి ఆపరేషన్‌కి వీలున్నవాళ్ళు నూటికి ఇరవైమంది లోపే ఉంటారు. కానీ అంకె కాకుండా ఆమె చెప్పిన మాటలే చూడాల్సిందని అంది. యాభై దాటాక కొత్తగా షుగరొచ్చినవాళ్ళలో దాదాపు అందరికీ అది ఉత్త షుగరే. కానీ షుగరొచ్చి, దాంతోపాటు కారణం లేకుండా బరువు తగ్గి, వీపులోకి పాకే నొప్పి ఉంటే, అల్ట్రాసౌండ్‌లో క్లోమం కనిపించనప్పుడు, సీటీనో ఎమ్మారైనో చెయ్యాలి. ఇవన్నీ పెద్దమ్మ తన నోటితో చెప్పింది. ఒక డాక్టరు విని అనుమానించి పరీక్షలు రాశాడు కూడా. ఆయన దగ్గరికి తిరిగి వెళ్ళకుండా ఆపింది ఆ '2 కంటే తక్కువ'. దాన్ని పట్టుకుని నేను చెప్పిన 'మంచిగనే ఉన్నది'.

*

నా సంగతి ఇంకో దారి పట్టింది. డాక్టరమ్మ ఐదో పేజీ మళ్ళీ తీసి, "దీని కిందిది చూశారా?" అంది. కింద సి.ఏ. 125 అని ఉంది. 71. ఉండాల్సింది 35 లోపు. పదకొండు రాత్రులు ఆ పేజీనే చూశాను గానీ ఆ వరస నా కంటికి ఆనలేదు. నేను వెతుకుతున్నది పెద్దమ్మ రోగాన్ని.

"నెలసరిలో నొప్పి ఉంటుందా?"

"అందరికీ ఉన్నంతే."

"అందరికీ ఎంతుంటుంది?"

నా దగ్గర జవాబు లేదు. పదిహేనో ఏట నుంచి నెలకి రెండ్రోజులు వాంతులు. ఇంటర్‌లో ఒక పరీక్ష పోయింది. "పెండ్లయితే తగ్గుతది" అంది అమ్మ. పెళ్ళయ్యాక "పిల్లలు పుడితే తగ్గుతది" అన్నారు. పిల్లలు పుట్టలేదు, నొప్పి తగ్గలేదు. థీసిస్ అధ్యాయాలు ఏ తారీకుకి ఇవ్వాలో ఆ రెండ్రోజుల్ని తప్పించి లెక్కేసుకున్నాను. స్త్రీల కథల్లో దేహం గురించి రెండువందల పేజీలు రాశాను. నా దేహం గురించి ఒక్క డాక్టరుకీ చెప్పలేదు. అదొక చెప్పుకునే విషయమని అనుకోలేదు.

స్కానింగులో ఎడమ అండాశయంలో నాలుగున్నర సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్ ఉంది. ఎండోమెట్రియోసిస్. గర్భాశయం లోపలుండాల్సిన పొర బయట పెరగడం. పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవాళ్ళలో నూటికి పదిమందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది ఉన్నప్పుడు సి.ఏ. 125 పెరుగుతుంది, సి.ఏ. 19-9 కూడా పెరగొచ్చు. కుటుంబంలో జరిగినదాన్నీ, నా భయాన్నీ దృష్టిలో పెట్టుకుని ఎమ్మారై కూడా చేయించింది. క్లోమం బాగుందని రాశారు. ఈసారి ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. 'కనిపించింది, బాగుంది' అనే అర్థంలోనే ఉందా అని.

ఇది చదివి, ప్యాకేజీ వల్లనే కదా నీ రోగం బయటపడిందని ఎవరైనా అనొచ్చు. నా చెల్లెలు అననే అంది. కాదు. నన్ను ఎవరైనా, ఏ పదహారో ఏటో ఇరవయ్యో ఏటో, "అందరికీ ఎంతుంటుంది?" అని అడిగుంటే అప్పుడే బయటపడేది. ఆ ప్రశ్నకి రెండున్నర వేలు అక్కర్లేదు. సి.ఏ. 125 ఆడవాళ్ళ ప్యాకేజీల్లో అండాశయ క్యాన్సర్ పేరుతో పెడుతున్నారు. యునైటెడ్ కింగ్‌డమ్‌లో రెండు లక్షలమందికి పైగా ఆడవాళ్ళతో ఏళ్ళ తరబడి చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏటేటా ఈ పరీక్ష చేసినా అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని తేలింది. ఇది తెలిసీ ఆ పరీక్షని గులాబీరంగు కాగితంలో చుట్టి అమ్ముతున్నారంటే అమ్మేది ఆరోగ్యాన్ని కాదు. మన నొప్పిని వినే చెవి లేనిచోట, దాని బదులు ఒక అంకెని అమ్ముతున్నారు. మనమూ మన నొప్పిని మనమే నమ్మం కాబట్టి ఆ అంకెని కొనుక్కుంటున్నాం.

1991లో హైదరాబాదు స్త్రీలు కలిసి 'సవాలక్ష సందేహాలు' అని తెలుగులో ఆడవాళ్ళ ఆరోగ్యం మీద ఒక పుస్తకం తెచ్చారు. తర్వాత వీణా శత్రుఘ్న, గీతా రామస్వామి, శ్రీవిద్యా నటరాజన్ చేతిమీదుగా అది 2004లో ఇంగ్లీషులో కొత్తగా వచ్చింది. నా థీసిస్‌లో మొదటి అధ్యాయంలో దాని ప్రస్తావన ఉంది. స్త్రీలు తమ శరీరాల గురించిన జ్ఞానాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారని రాశాను. ఆ వాక్యం సరైనదే. కానీ ఆ పుస్తకాన్ని నేను ఒక సాంస్కృతిక పాఠంగా చదివానే తప్ప, నా కడుపునొప్పి గురించి అందులో ఏముందో తిప్పి చూడలేదు. ఒకళ్ళ చేతిలోకి వచ్చిన జ్ఞానం మళ్ళీ ఇంకొకళ్ళ చేతికి అందాలంటే ఆ మధ్యలో ఒకరుండి చదివి చెప్పాలి. మా ఇంట్లో ఆ మధ్యనున్నది నేను. నాకు భాష వచ్చు. డాక్టరు దగ్గరికి తిరిగి వెళ్ళాలన్న ఇంగితం భాషతోపాటు రాలేదు.

*

ఏప్రిల్‌లో కొత్తవాడ వెళ్ళాను. పెద్దమ్మ కూతురు, మా అక్క, బట్టల బీరువాలో ఒక కవరులో ఆ కాగితాలన్నీ దాచి ఉంచింది. ఆగస్టు రిపోర్టు తీసి, ఆ రోజు నేనేం చదివానో, ఏం వదిలేశానో వరసగా చెప్పాను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గప్పుడెందుకు జెప్పలె?" అంది.

భయమని చెప్పాను. తెలియదు అనడానికి సిగ్గని కూడా చెప్పాను. ఆమె ఓదార్చలేదు. ఓదార్చుతుందని అనుకుని వెళ్ళుంటే అది నా తప్పు.

కాసేపాగి అడిగింది: "మరి నాకేం పరీక్ష చేయించుకోవాలె? ఇదేనా?"

ఇది కాదని చెప్పాను. తల్లికో తండ్రికో తోబుట్టువుకో క్లోమం క్యాన్సరొస్తే మిగతావాళ్ళ కంటే ముప్పు కొంత ఎక్కువ. అయినా అది అరుదైన రోగమే. కొన్ని కుటుంబాల్లో జన్యువుల్లో లోపం ఉంటుంది. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల విషయంలో మనం వినే బీఆర్‌సీఏ జన్యువులు వాటిలో కొన్ని. కుటుంబంలో ఇంకెవరికి ఏ క్యాన్సరొచ్చిందో రాసుకుని వెళ్ళి, జన్యుపరీక్ష అవసరమా అని క్యాన్సర్ వైద్యుల్నడగాలి. ముప్పు బాగా ఎక్కువుందని తేలినవాళ్ళకే ఏటేటా ఎమ్మారైనో ఎండోస్కోపీ అల్ట్రాసౌండో చేస్తారు. ఆ రక్తపరీక్షతో కాదు.

అక్క విని, "ఇదంత నాకు యాదికుండదు. తెలుగుల రాసియ్యి. పెద్దగ రాయి, అద్దాలు లేకుంట సదవొస్తట్టు" అంది.

అక్కడే కూచుని రాశాను. ఒక పేజీ. మొదట రాసింది: రిపోర్టు మంచిగొచ్చినా సరే, రాసిన డాక్టరుకి తిరిగి చూపించాలి. రెండోది: కనిపించలేదు అంటే బాగుందని కాదు. మూడోది: నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఎట్లుంటే తగ్గుతది, ఇవి అంకెల కంటే ముందు చెప్పాలి.

అక్క చదువుకుంది. మూడోదాని దగ్గర ఆగి, "వంగితె తగ్గుతదనేది అమ్మ" అంది. ఆ కాగితం మడిచి, పెద్దమ్మ రిపోర్టులున్న కవరులోనే పెట్టింది. నాకు నవంబరులో ఆపరేషన్ అయింది. అక్కే వచ్చి దవాఖానలో నాలుగు రోజులు తోడుంది. డాక్టరమ్మ రౌండ్లకొచ్చినప్పుడల్లా రిపోర్టు నా చేతిలోంచి తీసుకుని, "దీన్ల రాయంది ఏమన్న ఉన్నదా మేడం?" అని అక్కే అడిగింది.